పిడికిలి విప్పు

...అయినా పాదరసానికి అబద్ధం ఆడాల్సిన అవసరమేముంది? ఆడితే మనిషి ఆడాలి, లేదా మనిషి పట్టించుకోని మిషన్ ఆడాలి. సున్నా దగ్గర నిలవాల్సిన పాదరసం ఒక గీత కిందికి జారి ఉంటుంది, రబ్బరు పట్టాకు ఎక్కడో సూదిమొనంత చిల్లు పడి ఉంటుంది. వారానికోసారి తుడిచి చూసుకునే ఓపిక ఆ తాండూరు నర్సుకు ఉండొద్దూ? ఆ చిల్లు తనకు కనబడగానే ఏమీ అనకూడదు. ఊరికే వేలు పెట్టి చూపించాలి, అంతే. మాట అనకుండా చూపించడంలోనే బరువు ఉంటుంది.

కిష్టప్ప ఒళ్ళోని పెట్టెను ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. ప్యాసింజరు బండి వికారాబాద్ దాటి పావుగంట అయింది. పెట్టెలో ఉన్నది డాక్టర్ జనార్దన్ గారి దవాఖాన బీపీ మిషన్. ఆదివారం దవాఖాన మూత కాబట్టి డాక్టరుకు చెప్పి తెచ్చుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా ఆయన దగ్గర కాంపౌండరు. వికారాబాద్‌లో ఎవరినడిగినా చెప్తారు, సూది వేయడంలోగానీ బీపీ చూడటంలోగానీ కిష్టప్ప చెయ్యి తప్పదని. డాక్టరు కూడా అంటాడు, "కిష్టప్ప కొలిచిండంటే మళ్ళ చూసే పని లేదు."

చొక్కా జేబులో ఒక చీటీ ఉంది. దాన్ని ఇప్పటికి ఎన్నిసార్లు చదివాడో లెక్క లేదు. తాండూరు నుంచి జుబేదా అనే నర్సు పంపింది. ఆమె ఒక కాన్పుల దవాఖానలో పనిచేస్తుంది, కిష్టప్ప వదినె భీమమ్మ ఇంటి పక్కనే ఉంటుంది. కిష్టప్ప భార్య బుగ్గమ్మ పది రోజులుగా అక్కడే, అక్క దగ్గర ఉంది. చీటీలో ఆ పది రోజుల బీపీ. నూట ఎనిమిది, నూట నాలుగు, నూట పది, నూట రెండు... కింద నీలి సిరాతో నాలుగు ముక్కలు: "సాబ్, ఈమెకు బీపీ ఎక్కువ లేదు. గోలీలతోని తక్కువ అయితున్నది. కండ్లు తిరిగేది అందుకే. డాక్టర్ సాబ్‌కు జర చెప్పండి."

చేతిసంచిలో కిష్టప్ప సొంత నోటుబుక్కు ఉంది. అందులో పద్నాలుగు నెలల బీపీ. ప్రతి సాయంత్రం ఆరున్నరకు ఇంటికొచ్చి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కొని, బుగ్గమ్మను ఎదురుగా కూర్చోబెట్టి తాను కొలిచి రాసినవి. నూట అరవై నాలుగు, నూట డెబ్భై, నూట అరవై ఎనిమిది. నూట అరవైకి తగ్గిన రోజు ఒక్కటి లేదు. ఆ అంకెలు చూసే డాక్టరు మొదట ఒక గోలీ రాశాడు, తర్వాత దాన్ని రెండు చేశాడు, తర్వాత ఒంట్లో నీరు లాగే గోలీ కలిపాడు. ముప్పై ఏడేళ్ళ మనిషికి ఇంత బీపీ ఏమిటని ఆయనకే అంతుబట్టలేదు. పోయిన నెల బుగ్గమ్మ పొద్దున్నే నల్లా దగ్గర బిందె ఎత్తబోతూ కళ్ళు తిరిగి పడింది. నుదురు బండకు కొట్టుకుంది. కట్టు కిష్టప్పే కట్టాడు. కట్టు కట్టి, వెంటనే బీపీ చూశాడు. నూట డెబ్భై ఎనిమిది.

"దిగుతలేదు కిష్టప్పా," అన్నాడు డాక్టరు నోటుబుక్కు చూసి. "ఆమె ఊరి నుంచి రాంగనే ఇంకో గోలీ మొదలు వెడదాం. సోమవారం తోలుకరా." నర్సు చీటీ చూపిస్తే, ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకొని చదివి పక్కన పెట్టాడు. "నాకు నీ చెయ్యి ఎరుక. ఆమె చెయ్యి ఎరుకలేదు."

సోమవారం అంటే రేపే.

చీటీలో ఉన్నదే నిజమైతే ఇంకో గోలీ బుగ్గమ్మను మళ్ళీ పడేస్తుంది. ఈసారి బండ ఎక్కడ తగులుతుందో ఎవరికి తెలుసు? నోటుబుక్కే నిజమైతే ఆ గోలీ వేయకపోతే ప్రమాదం. రెండింట్లో ఒకటి తప్పు. ఆ తప్పు తాండూరులో ఉందని తేల్చడానికే కిష్టప్ప బయలుదేరాడు. రాత్రంతా అలాగే అనుకున్నాడు. అయినా ఒక సంగతి దారిలో రాయిలా అడ్డం పడుతూనే ఉంది. బుగ్గమ్మకు కళ్ళు తిరగడం మిషన్ చెప్పిన మాట కాదు కదా. నల్లా దగ్గర పడింది మిషన్ కాదు కదా.

ధారూర్‌లో బండి ఆగింది. పట్టాల పక్కన కంది చేను పసుపుపచ్చగా పూసింది. దాని గట్టు మీదుగా ఒక గొర్రెల మంద పోతోంది. కిటికీలోంచి ఆ వాసన లోపలికొచ్చింది. కిష్టప్ప ముఖం తిప్పుకోబోయి, ఎందుకో తిప్పుకోలేదు.

అది అతనికి పుట్టుకతో వచ్చిన వాసన. బంట్వారం దగ్గర అతని తండ్రి ఈరయ్యకు ఎనభై గొర్రెలుండేవి. పదహారేళ్ళ వయసులో కిష్టప్ప ఆ మందను వదిలేసి వికారాబాద్ వచ్చి దవాఖాన ఊడ్చే పనిలో చేరాడు. సీసాలు కడిగాడు, పట్టీలు కట్టడం నేర్చాడు, సూదులు మరగబెట్టడం నేర్చాడు. కంటికి కనబడని క్రిములు గోళ్ళ సందుల్లో ఎలా ఉంటాయో డాక్టరు బొమ్మ గీసి చూపించిన రోజు అతనికి కొత్త దేవుడు కనబడినట్టయింది. ఆ రోజు తన చేతులు వాసన చూసుకొని, సబ్బు అరిగేదాకా కడుక్కున్నాడు.

పెళ్ళి అరవై తొమ్మిదిలో. తెలంగాణ గడబిడలకు బడులు మూసేసి, బస్సులు ఆగిపోయిన సంవత్సరం. యాలాల్‌కు ఎడ్లబండ్ల మీద పోయి అక్కడి పిల్లను చేసుకొచ్చాడు. బుగ్గమ్మది కూడా గొర్రెల ఇల్లే. పెళ్ళయిన నెలకు డాక్టరు వీళ్ళుండే గదికి భోజనానికి వచ్చాడు. అది కిష్టప్ప జీవితంలో పెద్ద రోజు. బుగ్గమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి అందిస్తుంటే, కిష్టప్ప ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టుకొని, డాక్టరు ముందరే తిప్పి చూశాడు. "చూడున్రి సార్, గోర్లల్ల ఇంక యాలాల్ గొర్రెల పెంట పోలే. పోయి కడుక్కరాపో." డాక్టరు నవ్వాడు. కిష్టప్ప కూడా నవ్వాడు. బుగ్గమ్మ పోయి కడుక్కుంది. తర్వాత వడ్డించింది పక్కింటి గోవిందమ్మ.

ఆ తర్వాత ఆమెకు శుభ్రం బాగా వంటబట్టిందని కిష్టప్ప ఎంతమందికో చెప్పుకున్నాడు. ఒక్కసారి చెప్తే చాలు, మళ్ళీ చెప్పాల్సిన పని పడలేదని. కొన్నాళ్ళ పాటు సాయంత్రం రాగానే "చేతులు చూపియ్యి" అనేవాడు, అంతే. కొట్టలేదు, తిట్టలేదు. తమ బిడ్డను కొడంగల్‌కు ఇచ్చి పంపేటప్పుడు కూడా అల్లునితో గొప్పగా అన్నాడు, మా ఇంట్ల కొట్టుడు తిట్టుడు ఎరుకలేదు అని.

గొర్రెల మంద గట్టు దిగిపోయింది. బండి కదిలింది. రుక్మాపూర్ వచ్చిపోయినా అతను పెట్టె మీది నుంచి చేతులు తీయలేదు.

తాండూరు స్టేషన్ బయట దారి పొడుగునా బండలు కోసే మిల్లులు. ఆదివారమైనా ఒకటి రెండు నడుస్తున్నాయి. కోత నీళ్ళు తెల్లగా కాలువల్లోకి పారుతున్నాయి. భీమమ్మ మొగుడు ఆ మిల్లుల్లోనే ఒకదాంట్లో పని చేస్తాడు. వాళ్ళ ఇల్లంతా బండలే. గోడ బండ, కప్పు బండ, కింద పరిచింది బండ.

భీమమ్మ గడపలో కూర్చొని చేటలో కందులు చెరుగుతోంది. మరిదిని చూసి లేవలేదు.

"ఏం మరిదీ, పెట్టె పట్టుకొచ్చినవు? పెండ్లాన్ని చూడనీకి వచ్చినవా, పెండ్లాం రగుతం చూడనీకి వచ్చినవా?"

"రెండూ వదినె."

"అబ్బ! మొదటిది కూడ ఉన్నదా, మంచిగైంది. చెప్పులిడిచి రా."

లోపల ఎవరో నవ్వుతున్నారు. గొంతు తెరిచి, మధ్యలో ఊపిరి తీసుకొని మళ్ళీ నవ్వే నవ్వు. ఎవరో పక్కింటామె అనుకున్నాడు కిష్టప్ప. అతను "వదినె, నీళ్ళు" అనగానే ఆ నవ్వు కొడవలితో కోసినట్టు ఆగిపోయింది. అప్పుడు తెలిసింది అది బుగ్గమ్మదని.

ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చింది. నుదుటి మీద గాయం మానింది గానీ మచ్చ ఉంది. ముఖం కాస్త నిండింది. చెంబు ఇచ్చి, చేతులు రెండూ కొంగులోకి లాక్కుంది.

"ఎట్లున్నవే?"

"మంచిగనే ఉన్న. నువ్వు తింటున్నవా?" అని, పెట్టె వైపు చూసింది. "మళ్ళ చూడాల్నా?"

జవాబిచ్చేలోపు వెనకనే జుబేదా వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి, సన్నగా ఉంది, తల మీద దుపట్టా. తన మిషన్ తానే తెచ్చింది.

"సలాం కాంపౌండర్ సాబ్. మీరు వస్తరని అనుకున్న. చీటీ రాసినంక నాకే ఫికర్ పట్టింది, పెద్దోళ్ళకు చెప్పేంత దాన్నా అని."

"నీ మిషన్ ఎన్నేండ్లది?"

"మిషన్ మీదనే అనుమానమా? రెండూ పెడదాం సాబ్. మీ చెయ్యి ఇయ్యండి."

కిష్టప్ప చొక్కా చేయి మడిచాడు. తన మిషన్‌తో నూట ముప్పై నాలుగు. ఆమె మిషన్‌తో నూట ముప్పై రెండు. రబ్బరు పట్టాను వెలుతురుకు పెట్టి చూశాడు. చిల్లు లేదు. పాదరసం సున్నా దగ్గర బుద్ధిగా నిలబడి ఉంది. గాజుగొట్టం తన మిషన్‌దానికంటే శుభ్రంగా ఉంది. చూపించాలనుకున్న వేలు ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"మరి ఎట్ల చూస్తున్నవు? వచ్చి రాంగనే కట్టేస్తున్నవా?"

జుబేదా నవ్వింది. "లే సాబ్. మా దగ్గరికి కాన్పుకు వచ్చేటోళ్ళకు రాంగనే చూస్తే అందరికి ఎక్కువనే ఉంటది. మా డాక్టరమ్మ చెప్పింది, ముందు నీళ్ళు తాపు, కూసోబెట్టు, అత్త సంగతి అడుగు, తిట్టేదాక తిట్టనియ్యి, అప్పుడు చూడు అని. అత్తను తిడితే ఇరవై దిగుతది సాబ్, నేను రాసి చూసిన."

"మరి మొగని తిడితే?" అంది గడపలోంచి భీమమ్మ.

"అది డాక్టరమ్మ చెప్పలే అక్కా."

బుగ్గమ్మ పెదవులు కదిలాయి. కిష్టప్ప వైపు చూడగానే ఆగాయి.

"మీరు జర బయట కూసోండి సాబ్," అంది జుబేదా. "నేను చూస్త. తర్వాత మీరు చూద్దురు."

కిష్టప్ప వెనక వాకిట్లోకి పోయి, బట్టలుతికే బండ మీద కూర్చున్నాడు. లోపల మాటలు మొదలయ్యాయి. మొదట మెల్లగా, తర్వాత మామూలుగా. బుగ్గమ్మ ఏదో చెప్తోంది. యాలాల్‌లో చిన్నప్పుడు గొర్రెపిల్ల ఒకటి ఆమె వెంట బడికి వచ్చిన కథ. పంతులు దానికి కూడా హాజరు పిలిచాడట. ఈ కథ కిష్టప్ప ఎప్పుడూ వినలేదు. పదిహేడేళ్ళ కాపురంలో ఒక్కసారి కూడా వినలేదు.

తలుపుకు సగం తెర ఉంది. కింది సగంలోంచి మంచం కోళ్ళు, మంచం మీద దిండు, దిండు మీద ఒక చేయి కనబడుతున్నాయి. చేయి మాత్రమే. ముంజేయి వాల్చి ఉంది. అరచేయి పైకి తిరిగి, వేళ్ళు వదులుగా, ఎవరిదో మర్చిపోయిన వస్తువులా పడి ఉంది. గోళ్ళ అంచున కందిపొట్టు మురికి కొద్దిగా ఉంది. ఎవరూ దాన్ని పట్టించుకోవడం లేదు.

ఆ చేతిని కిష్టప్ప గుర్తుపట్టలేకపోయాడు. అతనికి తెలిసింది ఒక పిడికిలి. పద్నాలుగు నెలలుగా పట్టా చుట్టగానే "పిడికిలి విప్పు" అనడం, ఆమె విప్పడం, తాను గాలి కొట్టేలోపు మళ్ళీ మూసుకోవడం. ఎన్నిసార్లు చెప్పినా అంతే. మొండితనం అనుకున్నాడు. ఆ పిడికిలి లోపల అరచేయి ఉంటుందని, దానికి గీతలుంటాయని, అది ఇట్లా వాలి పడుకోగలదని అతనికి ఎన్నడూ తోచలేదు.

"నూట ఆరు సాబ్!" అని లోపలి నుంచి కేకేసింది జుబేదా.

అతను లోపలికి పోయాడు. పోతూ పోతూ చూశాడు. అతని నీడ గడప మీద పడగానే ఆ చేయి ముట్టుకున్న రోకలిబండ పురుగులా చుట్టుకుపోయింది. బుగ్గమ్మ ముఖంలో మార్పేమీ లేదు. ఇంకా కొంచెం నవ్వు కూడా మిగిలి ఉంది. చేయి ఒక్కటే మూసుకుంది.

"నేను చూస్త," అన్నాడు. మంచం ముందు పీట వేసుకొని, ఎదురుగా కూర్చున్నాడు. స్టెతస్కోపు చెవులకు పెట్టుకున్నాడు. గాలి కొట్టాడు. పాదరసం ఎక్కింది. వదిలాడు. ఎప్పుడూ వినే చప్పుడు ఎప్పుడూ వినే చోటనే మొదలైంది. నూట అరవై నాలుగు. జుబేదా తన మిషన్ తీసుకొని అదే చేతికి పెట్టింది. నూట అరవై.

గడపలో భీమమ్మ చేట చప్పుడు ఆగింది.

"పానం ఎట్లున్నది?" అని అడిగాడు కిష్టప్ప.

"మంచిగనే ఉన్నది," అంది బుగ్గమ్మ. అబద్ధం కాదు. ఆమెకు తెలిసినంత వరకు మంచిగానే ఉంది. ఆమెకు తెలియని ఏదో ఒకటి ఆమె లోపల, అతను పీట వేసుకున్న ప్రతిసారీ లేచి నిలబడుతోంది. అదే గుండెను పరుగెత్తిస్తోంది, నరాలను బిగిస్తోంది, పాదరసాన్ని పైకి తోస్తోంది. ఆ తోసింది కిష్టప్పే. తర్వాత ఆ అంకెను శుభ్రమైన అక్షరాల్లో రాసుకొన్నది కూడా తానే.

డాక్టరు స్వయంగా చూసిన రెండుసార్లు కూడా ఎక్కువే వచ్చింది. ఆ రెండుసార్లూ నోటుబుక్కు పట్టుకొని ఆమె ముందే నిలబడి ఉన్నాడు తాను.

"పిడికిలి ఎందుకు మూస్తవు?" మెల్లగా అడిగాడు. పద్నాలుగు నెలల్లో విప్పు అన్నాడే గానీ ఎందుకు అని అడగలేదు.

బుగ్గమ్మ తన చేతి వైపు చూసుకుంది, అది అలా ఉందని అప్పుడే తెలిసినట్టు. విప్పబోయింది. సగం విప్పి ఆగింది.

"ఏమో. నువ్వు చెయ్యి అడుగుతవు గద..." అని, ఏదో చిన్న సంగతి చెప్పినట్టు అంది. "గోర్లు చూస్తవని."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది. అతను ఏదో ఒకటి బదులు చెప్పేవాడు.

భీమమ్మ చేటను పక్కకు నెట్టి చెల్లెలి ముఖం చూసింది.

కిష్టప్ప స్టెతస్కోపు మెడలోంచి తీశాడు. అతనికి అప్పుడు తండ్రి గుర్తొచ్చాడు, చాలా ఏళ్ళకు, ముఖంతో కాదు, చేతులతో. ఉన్ని కత్తిరించే రోజున ఈరయ్య గొర్రెను పట్టుకోగానే కత్తెర తీసేవాడు కాదు. దాన్ని రెండు కాళ్ళ మధ్య కూర్చోబెట్టుకొని, దాని ముఖం అవతలికి తిప్పి, రొమ్ము కింద అరచేయి పెట్టి ఊరికే ఉండేవాడు. ఎంతసేపైనా అలాగే ఉండేవాడు. పక్కవాళ్ళు రెండు గొర్రెలు ముగించినా తొందర లేదు. "గుండె దిగినంక వెట్టాలె కొడుకా కత్తెర. భయం మీద ఉన్న గొర్రెకు తోలు బిగుసుకపోతది, ఉన్నితోని తోలు కూడ వస్తది. దాని కండ్లల్లకు చూడకు. నీ కండ్లే దానికి కత్తెర." పదేళ్ళ కిష్టప్ప కూడా అరచేయి పెట్టి చూసేవాడు. చెయ్యి కింద గుండె దడదడలాడుతూ, దడదడలాడుతూ, ఉన్నట్టుండి ఒక చోట మెత్తబడి మామూలయ్యేది. అప్పుడు తండ్రి వైపు చూసి తలూపేవాడు. అది తనకు వచ్చిన మొదటి వైద్యం. దాన్నే వాసనతో పాటు కడిగేసుకున్నాడు.

దవాఖాన బల్ల ముందు వరుసగా నిలబడే వాళ్ళు కూడా గుర్తొచ్చారు. బంట్వారం నుంచి నడిచొచ్చిన ఎంకయ్య, కూర్చోకముందే "చొక్కా పైకి గుంజు, మాట్లాడకు" అని తాను గద్దించిన ఎంకయ్య. అతనికి ఎన్ని గోలీలు పోతున్నాయి ఇప్పుడు? ఇంకా ఎంతమంది?

"సాబ్," అంది జుబేదా, "మిషన్లు రెండూ మంచివే." అంతకంటే ఏమీ అనలేదు. ఆమె మంచిదని కిష్టప్పకు అప్పుడర్థమైంది.

అన్నం తిన్నాక బుగ్గమ్మ వాకిట్లోకి వచ్చింది. అతను పెట్టె సర్దుకుంటున్నాడు.

"నన్ను ఇయ్యాల తోలుక పోతవా? బట్టలు సర్దాల్నా?"

"వద్దు. ఇంకో పదిహేను దినాలు ఉండు."

"మరి రేపు డాక్టర్ సాబ్ ఇంకో గోలీ ఇస్తడంటివి? జంగప్ప కొడుకు చెప్పిండు." జంగప్ప వాళ్ళ ఇంటి వెనక ఉంటాడు. నిన్న అతని కొడుకు పని మీద తాండూరు వచ్చినప్పుడు కిష్టప్పే కబురు పంపాడు. "ఇస్తే ఇయ్యనియ్యి. మింగుత. నువ్వు చెప్పినంక మింగనా?" అంది. తర్వాత నుదుటి మచ్చను తడుముకుంది, తెలియకుండానే.

"డాక్టర్‌తోని నేను మాట్లాడుత."

"ఏమని?"

కిష్టప్ప పెట్టె మూత బిగించాడు. తప్పైంది అనే మాట ఉంది. అది రోగులకు చెప్పించే మాట, గోలీ మర్చిపోయినందుకు, ఉప్పు తిన్నందుకు. అది తన నోట్లో ఎట్లా తిరుగుతుందో అతనికి తెలియదు. బుగ్గమ్మ లోపలికి పోయి, బట్టలో చుట్టిన జొన్నరొట్టెలు తెచ్చి ఇచ్చింది. అతను ఆమె చేతుల వైపు చూడకుండా, ముఖం వైపు కూడా చూడకుండా, బండల గోడ వైపు చూస్తూ తీసుకున్నాడు. మూట అందుకుంటుంటే ఆమె వేళ్ళు తగిలాయి. అవి మూసి ఉన్నాయో విప్పి ఉన్నాయో చూడలేదు.

"ఆ గొర్రెపిల్ల ఏమైంది?" అన్నాడు వెళ్ళబోతూ.

"ఏ గొర్రెపిల్ల?"

"బడికి వచ్చింది గద."

బుగ్గమ్మ అతని వైపు ఆశ్చర్యంగా చూసింది. "విన్నవా? ... ఏమైతది, పెద్దదై గొర్రె అయింది," అంది. గడపలోంచి భీమమ్మ పకపకా నవ్వింది.

స్టేషన్‌లో బండి అరగంట ఆలస్యం. కిష్టప్ప ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద కూర్చున్నాడు. పక్కన ఇద్దరు కన్నడంలో ఏదో బేరం గురించి వాదించుకుంటున్నారు. పెట్టె కాళ్ళ దగ్గర పెట్టి, సంచిలోంచి నోటుబుక్కు తీశాడు.

రేపు పొద్దున డాక్టరు ముందు దీన్ని పెట్టాలి. ఏం చెప్పాలి? ఒక దారి ఉంది, సులువైనది. మన మిషన్ చెడిపోయింది సార్, తాండూరుకు పట్టుకపోయి చూపించిన, ఎక్కువ చూపిస్తున్నది అనొచ్చు. డాక్టరు నమ్ముతాడు. మిషన్‌ను హైదరాబాద్ పంపిస్తాడు, గోలీలు తగ్గిస్తాడు. బుగ్గమ్మ పడదు. కిష్టప్ప చెయ్యి తప్పదన్న పేరు అట్లాగే ఉంటుంది. పొద్దున మిషన్ మీద వేసిన నిందే, ఊరు మార్చి వేస్తే సరిపోతుంది. ఎవరికీ నష్టం లేదు.

మిషన్ బాగై తిరిగొస్తుంది. సాయంత్రం ఆరున్నరకు తాను మళ్ళీ పీట వేసుకుంటాడు. బల్ల ముందు ఎంకయ్య మళ్ళీ నిలబడతాడు.

రెండో దారిలో చెప్పాల్సింది ఒక్క వాక్యమే. కానీ అది విన్నాక డాక్టరు కళ్ళద్దాలు పైకి తోసుకొని, ఎందుకు అని అడుగుతాడు. పదిహేడేళ్ళ కింద ఆయన తిన్న భోజనం గురించి చెప్పాల్సి వస్తుంది. ఆయన నవ్వాడు ఆరోజు. ఆయనకు గుర్తుండదు. నవ్వినవాళ్ళకు గుర్తుండదు. తనకు గుర్తుంది, కానీ గొప్పగా గుర్తుంది. అందుకే ఇన్నేళ్ళు కనబడలేదు.

దూరంగా బండి కూత వినబడింది. కన్నడం వాళ్ళు మూటలు ఎత్తుకున్నారు.

కిష్టప్ప తన ఎడమ చేతి వైపు చూసుకున్నాడు. నోటుబుక్కు కింద అది గట్టిగా మూసుకొని ఉంది. ఎప్పటి నుంచి అలా ఉందో తెలియదు. విప్పాడు. అరచేతిలో గోళ్ళు దిగిన నాలుగు గుర్తులు ఎర్రగా ఉన్నాయి.

నోటుబుక్కు మొదటి పేజీ తెరిచాడు. పైన, తేదీల వరుస, అంకెల వరుసల మీద, ఎప్పుడో గీసుకున్న గీతకు పైభాగాన కొంచెం ఖాళీ ఉంది. పెన్ను మూత తీసి, ఆ ఖాళీలో, అంకెలు రాసినంత శుభ్రంగా రాశాడు: "ఇవన్నీ నేను ఎదురుగ కూచున్నప్పుడు వచ్చినవి. నేను లేనప్పుడు నూట ఆరు."